నాలుగు డబ్బాలు చాలు!

మీ గరాజ్‌లోకి వెళ్ళండి. జిగ్‌లకు వేసే పౌడర్ పెయింట్ డబ్బాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

పది దాటాయా? అయితే ఇది మీకోసమే. ఒక్కటి కూడా లేదా? మరీ మంచిది. వదిలించుకోవాల్సిన అలవాటు లేకుండానే మొదలుపెడుతున్నారు.

ముందే తేల్చి చెబుతున్నాను. రంగు ఎంచుకోవడం టాలెంట్ కాదు, స్కిల్. ఎవరికైనా పట్టుబడుతుంది. మీకు డ్రాయింగ్ రానక్కర్లేదు. చిన్నప్పటి నుంచీ చేపలు పట్టి ఉండనక్కర్లేదు. కొన్ని ప్రశ్నలు వరస తప్పకుండా అడిగే అలవాటు కావాలి. జవాబు వచ్చాక దాని మీద కాసేపైనా నిలబడే ఓపిక కావాలి. ఈ రెండూ మీ చేతిలో ఉన్నవే.

ఈ హాబీకి కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. జిగ్ అంటే హుక్ మెడ దగ్గర సీసంతో తల పోసిన గాలం. ఆ బరువే దాన్ని అడుగుకు దింపుతుంది. వెనక రబ్బరు తోకో, బతికున్న చిరుచేపో గుచ్చుతారు. రాడ్ కొసను పైకీ కిందకీ ఆడిస్తే నీటి అడుగున అది గెంతుతుంది. అమెరికాలో గ్రేట్ లేక్స్ చుట్టుపక్కల రాష్ట్రాల్లో చలికాలమంతా గరాజ్‌లో సీసం కరిగించి, అచ్చుల్లో పోసి, రంగు వేసి, వసంతానికి సిద్ధం చేసుకునేవాళ్ళు ఎందరో. డెట్రాయిట్ శివార్లలో, నోవై, ట్రాయ్, కాంటన్ లాంటి ఊళ్ళలో స్థిరపడ్డ తెలుగువాళ్ళకు ఇది పక్కింటి వ్యవహారమే. ఏప్రిల్ వచ్చేసరికి ఈరీ సరస్సు నుంచి వాలై చేపలు గుడ్లు పెట్టడానికి డెట్రాయిట్ నదిలోకి ఎదురెక్కుతాయి. పడవలు బారులు తీరుతాయి. ఏ పడవ పక్కకు వెళ్ళినా ఒకే ప్రశ్న వినబడుతుంది. "ఏ రంగు మీద పడుతున్నాయి?"

తొందరపడి అడిగే ప్రశ్న అది. అక్కడి నుంచే మొదలుపెడదాం.

రంగు నాలుగో ప్రశ్న

నార్త్ కరొలైనాకు చెందిన బక్ పెర్రీ అనే ఆయన స్పూన్‌ప్లగ్ అనే ఎరను తయారుచేశాడు. ఫిజిక్స్ చదువుకున్న మనిషి. అమెరికాలో చేపలు పట్టే పద్ధతినే మార్చినవాళ్ళలో ఒకడు. ఆయన బోధన సారం సూటిగా ఉంటుంది. ముందు లోతు, ఆ తర్వాత వేగం. ఈ రెండూ అదుపులోకి వచ్చాకే మిగతా సంగతులు.

డెట్రాయిట్ నదినే తీసుకోండి. ప్రవాహం జోరుగా ఉంటుంది. ఇరవై, ముప్పై అడుగుల లోతు మామూలు. అక్కడ 3.5 గ్రాముల బుల్లి జిగ్ వేస్తే అడుగు తాకకుండానే కొట్టుకుపోతుంది. అందుకే అక్కడివాళ్ళు 5/8 ఔన్సు, 3/4 ఔన్సు తలలు వాడతారు. అంటే సుమారు 18, 21 గ్రాములు. లైన్ నిలువుగా దిగాలి. అడుగు తగిలిన 'టక్' వేలికి తెలియాలి. అదే తెలియనప్పుడు మీ జిగ్ గులాబీ రంగైతే ఏంటి, వంగపండు రంగైతే ఏంటి?

కాబట్టి వరస ఇది:

1. నా జిగ్ అడుగుకు చేరుతోందా?
2. చల్లటి నీళ్ళకు తగ్గట్టు నెమ్మదిగా ఆడిస్తున్నానా?
3. సైజు సరిపోయిందా?
4. ఇప్పుడు చెప్పు, ఏ రంగు?

చాలామంది నాలుగో ప్రశ్నతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. ఎందుకో తెలుసా? రంగు డబ్బులు పెట్టి కొనుక్కోవచ్చు. వేగం కొనలేం, ప్రాక్టీస్ చేయాలి. కొత్త డబ్బా ఇంటికి రాగానే ఏదో సాధించిన ఫీలింగ్ వస్తుంది. అది ప్రోగ్రెస్ కాదు, షాపింగ్.

ఈ తేడా ఒప్పుకున్నారంటే సగం మారినట్టే.

నీళ్ళు చూడకుండా డబ్బా మూత తీయొద్దు

రంగు సంగతి డబ్బా మీద లేబుల్ చెప్పదు. నీళ్ళు చెబుతాయి.

దీనికి చాలా పాత, చాలా చవకైన టెస్ట్ ఉంది. 1865లో ఆంజెలో సెక్కి అనే ఇటాలియన్ ఖగోళ శాస్త్రవేత్త పోపుగారి ఓడ మీంచి మధ్యధరా సముద్రంలోకి గుండ్రటి తెల్ల పళ్ళేలను దింపి, అవి ఎంత లోతులో కంటికి కనబడకుండా పోతాయో కొలిచాడు. ఇప్పటికీ సరస్సుల నీరు ఎంత తేటగా ఉందో చూడటానికి ఆయన పేరుతోనే పళ్ళెం వాడుతున్నారు. సరస్సులకు వాడేది 20 సెంటీమీటర్ల వెడల్పు, నలుపు తెలుపు ముక్కలుగా ఉంటుంది.

మీకు పళ్ళెం కూడా అక్కర్లేదు. తెల్ల జిగ్ ఒకటి చాలు. పడవ నీడ పడే వైపు మెల్లగా దింపండి. మాయమైన చోట లైన్ పట్టుకుని అడుగులు కొలవండి.

నేను చెప్పే లెక్క మోటుదే, కానీ పనిచేస్తుంది. ఆరడుగుల తర్వాత కూడా కనిపిస్తోందంటే తేట నీరు. రెండు నుంచి ఆరు అడుగుల మధ్య మాయమైతే మసక నీరు. రెండడుగుల లోపే పోతే బురద.

ప్రతి ట్రిప్‌లోనూ లైన్ వేసే ముందు ఈ టెస్ట్ చేయండి. "నిన్న చూశాగా" అనొద్దు. సెయింట్ క్లెయిర్ సరస్సు మీద గాలి గట్టిగా వీచిందంటే లేచిన మట్టంతా డెట్రాయిట్ నదిలోకే వస్తుంది. నిన్నటి తేట నీరు ఇవాళ బురద కావచ్చు.

ఇంకో మాట. "మా బాబాయ్ ముప్పై ఏళ్ళుగా ఇదే రంగు వాడుతున్నాడు" అంటారు కొందరు. బాబాయ్ మీద గౌరవం ఉండాల్సిందే. కానీ నీళ్ళు మారాయి. 1988లో సెయింట్ క్లెయిర్ సరస్సులో జీబ్రా మసెల్ అనే బయటి దేశపు ఆల్చిప్పలు బయటపడ్డాయి. అవి నీటిని వడకట్టుకుని బతుకుతాయి. కొన్నేళ్ళలోనే ఈ సరస్సులు బాగా తేటపడ్డాయి. మిన్నెసోటాలోని మిలాక్స్ సరస్సులో కూడా 2005లో ఇవి కనిపించాయి. మరోవైపు ఈరీ సరస్సు పడమటి భాగంలో వేసవి చివర నాచు కమ్మి నీరు పచ్చబడుతోంది. 2014 ఆగస్టులో టొలీడో నగరంలో కుళాయి నీళ్ళు తాగొద్దని చెప్పాల్సివచ్చింది ఆ నాచు వల్లే. ఒకే సరస్సు ఏప్రిల్‌లో ఒకలా, జూన్‌లో ఒకలా, ఆగస్టులో ఇంకోలా ఉంటుంది. అనుభవం గొప్పదే. కానీ దానికి తేదీ ఉంటుంది. పాత ఫార్ములాను ఇవాళ్టి నీళ్ళలో ముంచి చూశాకే నమ్మండి.

లోపల ఎరుపు ఎరుపుగా ఉండదు

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. అసలు సరుకు ఇదే.

గరాజ్‌లో ట్యూబ్‌లైట్ కింద మెరిసే ఎర్ర జిగ్, తేట నీటిలో లోతుకు దిగాక ఎర్రగా ఉండదు. నీరు ఎరుపు వెలుగును ముందుగా మింగేస్తుంది. పదిహేను, ఇరవై అడుగులు దిగేసరికి ఎరుపు చాలావరకు అయిపోతుంది. వెనక్కి పంపడానికి ఎర్ర వెలుగే లేనప్పుడు ఆ జిగ్ నల్లగానో, బూడిద రంగులోనో కనిపిస్తుంది. తేట నీటిలో అందరికంటే లోతుకు వెళ్ళేది నీలం.

కానీ నీరు మారితే లెక్క తిరగబడుతుంది. నాచు పట్టిన పచ్చటి నీటిలో ఆకుపచ్చ, పసుపు వెలుగు లోపలికి వెళ్తుంది. ఆకులు, చెట్ల వేర్లు నాని గోధుమ రంగుకు తిరిగిన అమెరికా ఉత్తరాది సరస్సుల్లో నీలం ముందు పోతుంది. అక్కడ నారింజ, ఎరుపు మిగులుతాయి. అంటే "ఎరుపు పనికిరాదు" అన్నదీ తప్పే, "ఎరుపే బెస్ట్" అన్నదీ తప్పే. ఏ నీళ్ళలో అని అడగండి.

ఇక ఫ్లోరోసెంట్ రంగులు. ఇవి మామూలు రంగుల్లా ఉన్న వెలుగును తిప్పి కొట్టి ఊరుకోవు. మన కంటికి సరిగా ఆనని పొట్టి తరంగాల వెలుగును పీల్చుకుని, పసుపుగానో నారింజగానో మార్చి బయటికి వదులుతాయి. అందుకే మబ్బు పట్టిన ఉదయం, మసక నీటిలో ఫ్లోరోసెంట్ నారింజ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మామూలు నారింజ అదే చోట చచ్చుబడిపోతుంది. డబ్బా కొనేటప్పుడు ఆ ఒక్క మాట ఉందో లేదో చూసుకోండి.

గ్లో రంగుల సంగతి వేరు. వాటికి టార్చ్ కొట్టి వెలుగు నింపాలి. కొంతసేపు మెరిసి మందగిస్తాయి. చీకట్లోనూ, మంచు కింద చేపలు పట్టేటప్పుడూ పనికొస్తాయి. మొదటి ఏడాది మీకు అవసరం లేదు.

ఎవరి కళ్ళతో చూస్తున్నారు?

రంగు మీకు నచ్చాలా, చేపకు కనబడాలా? నిర్ణయం తీసుకునే ప్రతి మనిషీ వేసుకోవాల్సిన ప్రశ్న ఇది. ఇంటర్వ్యూకు రెజ్యూమే రాసేవాళ్ళూ ఇదే మర్చిపోతారు, తమకు నచ్చింది రాసుకుంటారు.

వాలై కంట్లో వెలుగును వెనక్కి కొట్టే పొర ఉంటుంది. రాత్రి టార్చ్ వేస్తే కళ్ళు మెరిసేది అందుకే. మసక వెలుతురులో అది చాలా చేపల కంటే బాగా చూస్తుంది. రంగుల్లో దానికి బాగా ఆనేవి ఆకుపచ్చ వైపువి, నారింజ ఎరుపు వైపువి. షార్ట్రూస్, అంటే నిమ్మ పసుపులో లేత ఆకుపచ్చ కలిసిన ఆ మెరిసే రంగు, నారింజ. ఈ రెండూ వాలై జిగ్‌లలో తరతరాలుగా ఎందుకు నిలిచాయో ఇప్పుడు అర్థమైంది కదా.

డాలస్ వైపు ఉండి లేక్ ఫోర్క్ లాంటి చోట్ల లార్జ్‌మౌత్ బాస్ పట్టేవాళ్ళు ఇది వినాలి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ చేపలకు శిక్షణ ఇచ్చారు. ఒక రంగు లక్ష్యాన్ని కొడితే మేత దొరుకుతుంది. ఎరుపు నేర్చుకున్న చేపలు ఎరుపునే పట్టుకున్నాయి. ఆకుపచ్చ నేర్చుకున్నవీ బాగానే చేశాయి. కానీ షార్ట్రూస్ నేర్చుకున్నవి తెలుపుతో తికమకపడ్డాయి. ముదురు నీలం నేర్చుకున్నవి నలుపుతో తికమకపడ్డాయి. 2019లో ప్రచురితమైన పరిశోధన ఇది.

ఇప్పుడు మీ అల్మరా చూడండి. నలుపు, నలుపు నీలం, ముదురు నీలం, నీలం మీద నల్ల చుక్కలు. ఈ నాలుగూ ఎవరి కోసం కొన్నారు? బాస్ కోసమైతే కాదు. మీ కోసం కొన్నారు. తప్పులేదు, హాబీ అన్నాక సరదా ఉంటుంది. కానీ సరదాను స్ట్రాటజీ అనుకోవద్దు.

మన ఊళ్ళలో కొర్రమీనుకు రబ్బరు కప్ప ఆడించే కుర్రాళ్ళకు కూడా ఇదే వర్తిస్తుంది. చేప కింద నుంచి పైకి చూస్తుంది. దానికి కనబడేది కప్ప పొట్ట, ఆకాశం ముందు దాని నీడ. వీపు మీద పులిచారలు ఎంత అందంగా ఉన్నాయన్నది షాపులో బేరమాడేవాడికే ఉపయోగం.

నాలుగు డబ్బాలు, నాలుగు ఉద్యోగాలు

ఇదిగో నా తీర్పు. వాలై కోసం జిగ్‌లు చేసుకుంటున్నారా? మొదటి ఏడాది ఇవి చాలు. ప్రతి డబ్బాకూ ఒక ఉద్యోగం ఉంది.

తెలుపు. తేట నీరు, ఎండ. చిన్న చేపల వెండి పొట్టకు దగ్గరగా ఉంటుంది. పైగా మిగతా రంగులకు అదే పునాది. సీసం బూడిద రంగు మీద నేరుగా ఫ్లోరోసెంట్ వేస్తే జీవం ఉండదు. ముందు తెలుపు పూత, దాని మీద అసలు రంగు. అప్పుడే పేలుతుంది. ఒక్క డబ్బానే కొనగలిగితే ఇదే కొనండి.

ఫ్లోరోసెంట్ షార్ట్రూస్. మసక నీరు, పచ్చటి నీరు. డౌట్ ఉన్నప్పుడు కూడా ఇదే.

ఫ్లోరోసెంట్ నారింజ. బురద నీరు, గోధుమ రంగు నీరు. సగం షార్ట్రూస్, సగం నారింజ ముంచితే ఇంకో రంగు కొనకుండానే ఇంకో జిగ్ వచ్చినట్టు.

నలుపు. రాత్రి. బాగా మబ్బు పట్టిన సాయంత్రం. చీకట్లో రంగు ఉండదు, ఆకారం మాత్రమే ఉంటుంది. గట్టి నీడ వేసేది నలుపే.

బాస్ పట్టేవాళ్ళు నారింజ తీసేసి గ్రీన్ పంప్కిన్ పెట్టుకోండి. అడుగున తిరిగే రొయ్యజాతి జీవులకు దగ్గరగా ఉండే మురికి ఆకుపచ్చ అది.

"మరి పింక్?" అని అడుగుతారు. నాకు తెలుసు. పింక్‌తో చేపలు పడతాయి. ఊదాతోనూ పడతాయి. వచ్చే ఏడాది కొనండి. ఈ ఏడాది మీరు నేర్చుకుంటున్నది పెయింటింగ్ కాదు, నిర్ణయం.

ఒక హెచ్చరిక. రెండు పొడులు కలిపి మూడో రంగు చేసేద్దామని చూడకండి. నీళ్ళ రంగుల్లో నీలం, పసుపు కలిస్తే ఆకుపచ్చ వస్తుంది. పౌడర్ పెయింట్‌లో రాదు. ఉప్పూ కారం కలిపినట్టు దేని రేణువు దానిగానే ఉండిపోతుంది. కరిగాక కూడా దగ్గర నుంచి చూస్తే నీలం చుక్కలు, పసుపు చుక్కలు విడివిడిగా కనబడతాయి. చుక్కల జిగ్ కావాలంటే సరే. ఆకుపచ్చ కావాలంటే ఆకుపచ్చ డబ్బానే కొనాలి.

చేతులు నేర్చుకునే పని

మంచి రంగు ఎంచుకుని చెడ్డగా పూస్తే ఆ ఎంపిక వృథా. పని చిన్నదే, కానీ క్రమశిక్షణ అడుగుతుంది.

డబ్బాలో పొడి అడుగుకు గట్టిగా దిగబడి ఉంటుంది. ముందు దాన్ని కదిపి గుల్లగా చేయండి. ఇది మర్చిపోతే ఎంత వేడి చేసినా గడ్డలే.

జిగ్‌ను హుక్ దగ్గర పకడుతో పట్టుకోండి. తలను హీట్ గన్ ముందు గానీ స్పిరిట్ దీపం మీద గానీ తిప్పుతూ వేడి చేయండి. కొవ్వొత్తి వద్దు, మసి పడుతుంది. వేడెక్కిన తలను పొడిలో ఒక్కసారి ముంచి, ఊపి, బయటికి తీయండి. రెండు సెకన్ల పని. సెకన్లు లెక్కపెట్టే ఓపిక ఉంటే చాలు.

ఇప్పుడు చూడండి. తీయగానే పొడిపొడిగా, కాంతి లేకుండా ఉంటుంది. వేడి సరిపోతే మీ కళ్ళముందే కరిగి, సర్దుకుని, నున్నగా మెరుస్తుంది. పొడిగానే ఉండిపోయిందా? వేడి తక్కువ, మళ్ళీ కాస్త సెగ చూపించండి. మందంగా పట్టి బొట్టు కారిందా? వేడి ఎక్కువ. 1.75 గ్రాముల బుల్లి తల క్షణంలో చల్లారిపోతుంది. 21 గ్రాముల తల వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది. కాబట్టి చిన్నదానికి పడిన లెక్క పెద్దదానికి పడదు. ప్రతి సైజుకూ నాలుగైదు జిగ్‌లు ప్రాక్టీస్ కోసం వదిలేయండి. అవి పాడైతే నష్టమేమీ లేదు, నేర్చుకోవడం అంటే అదే.

లైన్ కట్టే రంధ్రంలో రంగు నిండితే వేడి మీదే సూదితో పొడిచేయండి. లేదంటే గట్టిపడ్డాక ఏప్రిల్ చలిలో, వణికే వేళ్ళతో, పడవలో ఆ పని చేయాల్సివస్తుంది.

చివరిగా ఓవెన్. కొక్కేలకు వేలాడదీసి 350 ఫారెన్‌హీట్, అంటే సుమారు 177 సెల్సియస్ దగ్గర 15, 20 నిమిషాలు. మీ డబ్బా మీద వేరే లెక్క ఉంటే అదే పాటించండి. ఈ స్టెప్ ఎగ్గొట్టేవాళ్ళు ఎక్కువ. నున్నగానే ఉందిగా అనుకుంటారు. మొదటి రాయికి తగలగానే రంగు పెచ్చులూడుతుంది. ఓవెన్‌లో ఉడికినది నిలబడుతుంది.

ఆ ఓవెన్‌లో మళ్ళీ బ్రెడ్ కాల్చకూడదు. ఎప్పటికీ. దాని మీద మార్కర్‌తో పెద్ద అక్షరాలతో రాయండి. ఇంట్లో అమ్మకు, అత్తయ్యకు, పిల్లలకు అందరికీ చెప్పండి.

నిమిషాలు రాయండి

ఇక మైండ్‌సెట్‌కు వద్దాం. "నాకు షార్ట్రూస్ మీదే పడతాయి" అంటారొకరు. నిజమే అయ్యుండొచ్చు. కానీ ఆయన రోజంతా షార్ట్రూస్ తప్ప ఇంకోటి నీళ్ళలో పెట్టడు! ఇంక వేరేదాని మీద ఎలా పడతాయి?

నమ్మకం మంచిదే. నమ్మిన రంగు కట్టినప్పుడు మనిషి శ్రద్ధగా ఆడిస్తాడు, చిన్న కదలికనూ పట్టుకుంటాడు. ఆ క్రెడిట్ మాత్రం రంగుకు ఇచ్చేస్తాడు. అక్కడే నేర్చుకోవడం ఆగిపోతుంది.

మందు ఒక్కటే, నోట్‌బుక్. జేబులో పట్టేది. ఆరు కాలమ్స్: తెల్ల జిగ్ మాయమైన లోతు, ఆకాశం ఎలా ఉంది, ఎంత లోతులో ఆడించారు, రంగు, ఎన్ని నిమిషాలు, ఎన్ని చేపలు. అందరూ చివరి కాలమ్ రాస్తారు. మీరు ఐదోది రాయండి. షార్ట్రూస్‌తో నాలుగు గంటల్లో ఎనిమిది చేపలు, నారింజతో అరగంటలో రెండు పడ్డాయనుకోండి. ఏది గెలిచింది? ఎనిమిది పెద్ద అంకె. కానీ గంటకు లెక్క వేస్తే షార్ట్రూస్ రెండు, నారింజ నాలుగు. ఒక్క అరగంటతో తీర్పు చెప్పలేం, నిజమే. కానీ నారింజకు ఇంకొంత టైమ్ ఇవ్వాలని తెలిసింది కదా. నిమిషాలు రాయకపోతే అది కూడా తెలిసేది కాదు.

ఇంకా గట్టి పరీక్ష కావాలా? పడవలో ఫ్రెండ్‌ను తోడు తెచ్చుకోండి.

ఇద్దరూ ఒకే బరువు తల, ఒకే తోక కట్టండి. రంగు ఒక్కటే వేరు. ఎవరికి ఏ రంగు అన్నది క్వార్టర్ కాయిన్ ఎగరేసి తేల్చండి, మీ ఇష్టానికి వదలొద్దు. ఇరవై నిమిషాలకోసారి రంగులు మార్చుకోండి. ఒకరికే పడుతుంటే, రంగు మారాక కూడా ఆయనకే పడుతుంటే, తేడా రంగులో లేదు. ఆయన చేతిలో ఉంది. అప్పుడు మొహమాటపడకుండా అడగండి, "నువ్వు ఎలా ఆడిస్తున్నావో చూపించవా?" ఆ ప్రశ్న అడగగలిగినవాడు ఒక్క సీజన్‌లో చాలా దూరం వెళ్తాడు.

రంగు మార్చడానికీ ఒక రూల్ పెట్టుకోండి. పడకపోతే ముందు లోతు మార్చండి. తర్వాత వేగం. ఆ రెండూ చేశాకే రంగు. ఐదు నిమిషాలకోసారి జిగ్ మార్చేవాడు చేపలకంటే ముడులతోనే ఎక్కువసేపు గడుపుతాడు.

సీసంతో ఆటలొద్దు

ఇక్కడ మాత్రం బుజ్జగింపులు లేవు.

సీసం 327 సెల్సియస్ దగ్గర కరుగుతుంది. కరిగిన సీసంలో నీటిచుక్క పడితే ఆవిరై పేలుతుంది, వేడి లోహం మొహం మీదకు చిమ్ముతుంది. కళ్ళద్దాలు, గ్లవ్స్, తెరిచిన తలుపు, పొడి అచ్చు. ఇవి లేకపోతే ఆ రోజు పని లేదు. పిల్లలు, గర్భిణులు ఆ చుట్టుపక్కల ఉండకూడదు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకున్నాకే వంటింట్లోకి.

రంగు పూశాం కదా, సీసం లోపలే ఉంటుంది కదా అనుకోవద్దు. ఉత్తరాది సరస్సుల్లో లూన్ అనే నీటిపక్షి ఉంటుంది. తెగిన జిగ్‌ను చేపతోపాటో, గులకరాయి అనుకునో మింగుతుంది. దాని కడుపులో రాళ్ళు ఆ తలను అరగదీస్తాయి. రంగు పోతుంది, సీసం రక్తంలోకి వెళ్తుంది, పక్షి చనిపోతుంది. న్యూ హాంప్‌షైర్, మసాచుసెట్స్ లాంటి రాష్ట్రాలు చిన్న సీసపు జిగ్‌లను నిషేధించింది అందుకే. మీ రాష్ట్రంలో రూల్ ఏంటో సీజన్ మొదలయ్యేలోపు చూసుకోండి.

సీసం బదులు బిస్మత్, తగరం మిశ్రమం వాడాలనుకుంటే మెచ్చుకుంటాను. కానీ లేబుల్ చదవండి. 58 పాళ్ళు బిస్మత్, 42 పాళ్ళు తగరం ఉన్న రకం 138 సెల్సియస్‌కే కరిగిపోతుంది. దాన్ని 177 దగ్గర ఓవెన్‌లో పెడితే కొక్కేలకు వట్టి హుక్‌లు వేలాడుతుంటాయి, తలలు ట్రేలో మడుగు కడతాయి. శుద్ధ తగరం అయితే 232 దాకా తట్టుకుంటుంది.

ఈ వారం నుంచే

"ఆఫీసు, పిల్లల క్లాసులు, టైమ్ ఎక్కడిది?" అనొద్దు. ఒక శనివారం మధ్యాహ్నం చాలు. ఒక్కో రంగులో ఆరు జిగ్‌లు వేయండి. మొత్తం ఇరవైనాలుగు. బాక్స్‌లో నాలుగు అరలు చేసి, ఒక్కో అర మూత మీద రంగు పేరు కాదు, ఉద్యోగం రాయండి: తేట, మసక, బురద, రాత్రి. అప్పుడు పడవలో ఆలోచించేది ఉండదు. నీళ్ళు చూస్తారు, ఆ అర తెరుస్తారు.

మిగతా డబ్బాలన్నీ అట్టపెట్టెలో సర్ది టేప్ వేసేయండి. పారేయక్కర్లేదు. కొత్త డబ్బా కొనాలనిపించినప్పుడు నోట్‌బుక్ తీయండి. "ఈ నీళ్ళకు నా నాలుగింటిలో ఏదీ పనిచేయలేదు" అని అందులో రాసి ఉంటేనే కొనండి.

వాలై ఏప్రిల్‌లో వస్తాయి. పెయింట్ పని ఫిబ్రవరిలోనే అయిపోవాలి. గరాజ్‌లో చలిగా ఉందని వాయిదా వేయకండి. స్వెటర్ వేసుకుని, తలుపు కాస్త తెరిచి, ఈ శనివారమే కూర్చోండి. ముందు తెలుపు.